ఊరంతటికీ ఒక్కటే తలుపు

మీరెవరూ కంకలపల్లెకు పోవాలనుకోకండి. పేరు మార్చి రాస్తున్నాను కాబట్టి వెతికినా దొరకదు. అసలు పేరుతో వెతికినా మరో ఏడాదికి దొరకదు. బొగ్గు గని అంచు అప్పటికి ఊరి నడిబొడ్డుకు వచ్చేస్తుంది. నేను పోయొచ్చాను కాబట్టి, పోని మీకోసం రాస్తున్నాను. కొంత నాకోసం కూడా, అది దాచడం దేనికి!

"అరవై దాటినంక ఇదేం తిరుగుడు?" అని మా ఆవిడ కోప్పడింది. తీర్థయాత్ర అన్నాను. పాపం కడుక్కోవడానికే కదా జనం తీర్థాలకు పోయేది. నేను పోయిందీ అందుకే.

కరీంనగర్‌లో మోగిన ఫోను

రిటైరై మూడేళ్లయింది. పొద్దున్నే పేపరు, సాయంత్రం మోకాలికి నూనె. అట్లాంటి రోజున ఒక ఆడమనిషి ఫోను చేసింది.

"సారూ, పదకొండేండ్ల కింద మా ఊరికి సర్వేకు వచ్చింది మీరే గదా? మా ఇల్లు పాడుబడ్డదని రాసిన్రట. నేను కనకవ్వను. ముత్తయ్య కోడల్ని."

ఎవరో గుర్తు లేదని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. కానీ ఆ ఇల్లు గుర్తుకొచ్చింది.

అప్పట్లో ఓపెన్ కాస్ట్ గని కోసం ఆ ఊరిని ఖాళీ చేయించాలని నిర్ణయమైంది. ఏ ఇంట్లో ఎవరుంటున్నారో రాసుకొచ్చే పని మా ఆఫీసుది. రాసిన పేర్లకే కొత్త కాలనీలో ఇల్లు. రాయని పేరుకు ఏమీ లేదు. ఫారంలో రెండే గళ్లు: 'ఉంటున్నారు', 'ఉండడం లేదు'. ఊరి చివరి వరుసలో ఒక ఇంటి తలుపుకు తాళం, దానికి అడ్డంగా తుమ్మ కంప.

మా వైపు పుట్టినవాడెవడికైనా ఆ కంప అర్థం తెలుసు. ధనిష్ఠలాంటి చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటిని ఆరు నెలలు విడిచిపెడతారు. తాళం వేసి, కంప కొట్టి, పొలం దగ్గర కొట్టంలోనో చుట్టాలింట్లోనో ఉంటారు. గడువు తీరాక కడిగి, శాంతి చేయించి మళ్లీ వస్తారు. అంటే అది పాడుబడ్డ ఇల్లు కాదు. మనుషులున్న ఇల్లే, కొన్నాళ్లు చచ్చినవాడికి వదిలిన ఇల్లు.

నాకు ఇదంతా తెలుసు. వాళ్ల పొలం ఎక్కడని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది, ఇంట్లో పసిగుడ్డు. ఆ గడప దరిదాపుల్లోకి పోవడానికి భయమేసింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. 'ఉండడం లేదు' గడిలో టిక్కు పెట్టాను. పక్కన 'పాడుబడ్డది' అని ముత్యాల్లాంటి చేతిరాతతో రాశాను. నా చేతిరాతకు ఆఫీసులో మంచి పేరుండేది లెండి.

ఆరు నెలలయ్యాక వాళ్లు ఇంట్లోకి తిరిగొచ్చారు. కాగితంలోకి మాత్రం రాలేకపోయారు.

"గన్ని దరఖాస్తులు పెడితే ఇప్పుడు మల్ల చూస్తమన్నరు సారూ," అంది కనకవ్వ. "ఎల్లుండి ఆఫీసరొస్తడట. రాసిన సారే వచ్చి చెప్పాలెనట. మంథని అయ్యగారు అప్పుడు నక్షత్రం చూసిన కాగితం సుత కావాలెనట. మా ఆయన మస్కట్ల ఉన్నడు. మంచంల ఉన్న అత్తను ఇడిసిపెట్టి నేనేడికి పోవాలె? ఈసారి రాయకపోతే మా ఇంట్ల మేమే దొంగలమైతం. గెంటేస్తరు."

వస్తానన్నాను. ఫోను పెట్టేసి సంచీ సర్దుకున్నాను.

సుల్తానాబాద్‌లో లేని వడ్లు

మర్నాడు పొద్దున బస్సెక్కాను. సుల్తానాబాద్ స్టాండు ఎదుట వేడి సర్వపిండి కనబడితే దిగిపోయాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి, గిన్నెకు అద్ది కాల్చే ఆ రొట్టెను కరీంనగర్‌లో ఇప్పుడు పెద్ద పెద్ద హోటళ్లలో ప్లేటుకు నాలుగు ముక్కలుగా పెడుతున్నారు. ఇక్కడ ఇరవై రూపాయలకు ఒకటి, కడుపు నిండిపోతుంది.

పక్క బెంచీ మీద ఒక రైతు చాయ తాగుతూ ఎదురుగా కొనుగోలు కేంద్రంలో టార్పాలిన్ కప్పిన వడ్లకుప్ప మీంచి చూపు తిప్పడం లేదు. ఎన్నాళ్లుగా కాపలా అని అడిగాను.

"పదిహేను దినాలు. అయినా అవి లేవు సారూ."

"ఎదురుగానే ఉన్నాయిగా?"

"మీ కండ్లకున్నయి. కంప్యూటర్ల మిల్లుకు పోయినయి. లారీ రాలే గనీ, లారీ పోయినట్టు రాసిన్రు." చాయ ఊదుకుని నెమ్మదిగా అన్నాడు: "రాత్రికి ఎవడన్న ఎత్తుకపోతే కేసు సుత పెట్టరాదు. లేని వడ్లకు దొంగేడికెల్లి వస్తడు?"

నవ్వాడు. నేనూ నవ్వాను. బస్సు కదిలాక నా నవ్వు నాకే నచ్చలేదు. ఉన్న వడ్లను లేవని రాసినవాడి చేతిరాత కూడా బాగానే ఉంటుందనిపించింది.

మంథని అయ్యగారి నోటుబుక్కు

మంథని వీధులు ఇరుకు, అరుగులు ఎత్తు. గోదావరి మీంచి వచ్చే గాలికి ఎండ తెలియలేదు. అయ్యగారికి డెబ్బై పైనే. నన్ను చాప మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, సంగతంతా విని, అటక మీంచి ఒక పొడవాటి నోటుబుక్కు దించారు.

చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు ఏ ఘడియలో పోయారో, ఏ నక్షత్రమో, ఇల్లు విడవాలో వద్దో అన్నీ అందులో ఉన్నాయి. "అడిగినోళ్ల పేరు సుత రాస్త. రేపు గొడవ రావద్దు గదా," అన్నారు. కనకవ్వ మామ ముత్తయ్య పేరు నిమిషంలో దొరికింది: ధనిష్ఠ, ఆరు నెలలు. కింద, 'కుటుంబం పొలంలో ఉన్నది' అని కూడా ఉంది. మా ఆఫీసు మొత్తం కలిసి రాయలేకపోయిన ఒక్క ముక్క అది. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఆయన ఆ పేజీని తెల్లకాగితం మీదికి ఎక్కిస్తుండగా ఫోను మోగింది. వింటూ పంచాంగం తిప్పారు. "ఎన్ని గంటలకు పోయింది?" అని అడిగారు. మళ్లీ విన్నారు. "శతభిషం అమ్మా. మంచిది కాదు. దినకర్మలు కాంగనే ఇల్లిడువాలె. ఆరు నెలలు."

ఫోను పెట్టి నావైపు చూశారు. చేతిలో కలం కదల్లేదు.

"మీ కనకవ్వనే. తెల్లారుజామున అత్త పోయిందట. అదే ఇంట్ల."

పదకొండేళ్ల కింద ఏ కంప మూలంగా ఆ ఇల్లు లేకుండా పోయిందో, సరిగ్గా ఆఫీసరు చూడ్డానికొచ్చే వేళకు మళ్లీ అదే కంప తలుపు మీదికి రాబోతోంది. అయ్యగారు కొత్త పేజీ తీసి అత్త పేరు పోసవ్వ అని రాసుకున్నారు. రెండు కాగితాలూ మడిచి నా చేతిలో పెట్టి, దక్షిణ ఇవ్వబోతే వద్దన్నారు.

"నేను నక్షత్రం చెప్పిన గనీ, పోయే జాగ లేనోళ్లు యాడికి పోవాలెనో పంచాంగంల లేదు," అన్నారు గడపదాకా వచ్చి.

చెన్నూరు దాటాక

గోదావరి వంతెన దాటి, మంచిర్యాల మీదుగా చెన్నూరు చేరేసరికి పొద్దు వాలింది. అక్కడ లాడ్జిలో పడుకుని మర్నాడు ఆటో మాట్లాడుకున్నాను. నడిపేవాడి పేరు సాయిలు. ఊరి పేరు చెప్పగానే బండి ఆపేశాడు.

"గా ఊర్ల ఎవలున్నరు సారూ? కాకి సుత వాలది."

"ఒకామె ఉంది."

"ఉందంటరు. నేనైతే చూడలే."

దారి పొడుగునా ఆకుల మీద, గడ్డి మీద, ఎండబెట్టిన బట్టల మీద బూడిద రంగు దుమ్ము. ఎడమవైపు గని మట్టిగుట్టలు. వాటి మీద గడ్డీ లేదు, దారీ లేదు. చివరి కల్వర్టు దగ్గర సాయిలు ఇక ముందుకు రానన్నాడు. ఎక్కువిస్తానన్నా తల అడ్డంగా ఊపాడు. సంచీ భుజాన వేసుకుని మోకాలు పట్టుకుంటూ నడిచాను.

కంకలపల్లె

ఊళ్లో అడుగు పెట్టగానే ఏదో తేడాగా ఉందనిపించింది. ఏమిటో నాలుగిళ్లు దాటాక తెలిసింది. ఒక్క ఇంటికీ తలుపు లేదు. జనం కాలనీకి పోతూ తలుపులు, దర్వాజలు, కిటికీలు అన్నీ ఊడబెరుక్కుని పట్టుకెళ్లారు. టేకుకు ఉన్న విలువ అలాంటిది. గోడలున్నాయి, పైకప్పులు సగం ఉన్నాయి. దర్వాజలుండే చోట నల్లటి సందులు. గోడల మీద మేం వేసిన ఎర్ర అంకెలు ఇంకా చెరగలేదు. గాలి ఒక ఇంట్లో దూరి, ఇంకో ఇంట్లోంచి బయటకు వస్తోంది. ఆ చప్పుడు ఎవరో లోపల గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టే ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. భయపడ్డానని చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

చివరి వరుసలో ఒక్క తలుపు. నీలం రంగు, పాత టేకు. ఊరంతటికీ అదొక్కటే. తెరిచే ఉంది.

కనకవ్వకు నలభై ఉంటాయి. బక్కపలచగా ఉంది, నిద్రలేక కళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

"ఏడవనీకి సుత ఎవలు లేరు సారూ. కాలనీకెల్లి నలుగురొచ్చి మోసిన్రు. స్నానం చేసి గట్లనే పోయిన్రు. ఇల్లిడువమన్నరు. యాడికి పోవాలె? అప్పుడంటే పొలం ఉండె, కొట్టం ఉండె. ఇప్పుడు గా గుట్ట కిందున్నది మా పొలం."

గుమ్మంలోంచే చూశాను. పోసవ్వ పడుకున్న చోట దీపం, పక్కన గిన్నెలో నీళ్లు. నేల మీద పిండి పరిచి గంప బోర్లించి ఉంది. పోయిన మనిషి ఏ రూపంలో వెళ్లిందో ఆ పిండిలో అడుగు పడుతుందని మా వైపు నమ్మకం. కరీంనగర్‌లో అపార్టుమెంట్లొచ్చాక ఇది పోయింది. అక్కడ చెడు నక్షత్రమైతే ఓనరు వారంలో ఖాళీ చేయమంటాడు, అంతే. మనిషి పోయిన మర్నాడు పొద్దున చూడాల్సిన గంప అది. నన్ను చూడమన్నట్టు కనకవ్వ ఎత్తి పట్టుకుంది.

పిండి మీద ఏ అడుగూ లేదు. నేల బీట వారినట్టు సన్నని గీతలు మాత్రం ఉన్నాయి.

"అత్త ఎటూ పోలే సారూ," అంది నెమ్మదిగా. "గీడనే ఉన్నది. ఊరు పొమ్మంటది, కాడు రమ్మంటది అంటరు గదా? అత్తను కాడు సుత రమ్మనలే."

ఆ గీతలు ఎలా పడ్డాయో తర్వాత తెలిసింది. అప్పటికైతే నేను గడప ఇవతలే నిలబడిపోయాను. ఆమె పెట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు అరుగు మీదే తిన్నాను. ఏమయ్యా, నువ్వు వచ్చిందే ఈ ఇంట్లో మనుషులున్నారని చెప్పడానికి కదా, లోపలికి ఎందుకు పోలేదు అని మీరడగొచ్చు. అదే ప్రశ్న నన్ను నేనూ అడుక్కున్నాను. కూతుళ్లూ మనవలూ కళ్ల ముందు మెదిలారు.

జీపు వచ్చింది

ఒకటిన్నర దాటాక జీపు వచ్చింది. ఆఫీసరుకు ముప్పై కూడా ఉండవు. మర్యాదస్తుడు. నాకు నమస్కారం పెట్టి కాగితాలు తీసుకున్నాడు. నా వాంగ్మూలం నిలబడే రాసుకున్నాడు. కంప చూశాను, అర్థం తెలుసు, అయినా తప్పు రాశాను అని చెప్పాను. పదకొండేళ్లు గొంతులో అడ్డంపడ్డ ముల్లు అది. బయటికొచ్చేటప్పుడు బాగా నొప్పెట్టింది.

అయ్యగారి రెండో కాగితం విప్పగానే అతని మొహం మారిపోయింది.

"శతభిషమా? ఎప్పుడు?"

"నిన్న తెల్లారుజామున."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "నివాసం ఉంటున్నట్టు లోపల చూసి రాయాలె సార్. పొయ్యి, బియ్యం, బట్టలు, అన్నీ. కానీ..." గొంతు తగ్గించాడు. "మా ఇంట్ల బాలింత ఉన్నది. ఏమనుకోవద్దు. వచ్చే నెల వస్త."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట నాదే. అక్షరం పొల్లుపోకుండా నాదే. ఆ రోజు జీపు డ్రైవరుతో నేనన్నది కూడా ఇదే. ఈ అబ్బాయి దుర్మార్గుడు కాదు, లంచగొండి కాదు. ఇంటిదగ్గర పసిగుడ్డున్న మామూలు మనిషి. పదకొండేళ్లుగా ఈ ఇంటిని మాయం చేసింది నాలాంటి, అతనిలాంటి మామూలు మనుషులే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ పూజారి కూడా భయంతో గుడి బయటే నిలబడ్డాడు.

"వచ్చే నెల దాక గని ఆగుతదా?" అంది కనకవ్వ లోపల్నించి.

"నువ్వు బయటికి రావ్వా, అడిగి రాసుకుంట."

"నేను రాను. బయట ఉంటే బయట ఉన్నట్టే రాస్తవు. లోపటికి వచ్చి చూసి రాయి."

అంతలో సైరన్ మోగింది. రోజూ రెండు గంటలకు గనిలో పేలుడుకు ముందు మోగేది అది. అలా మోగితే గోడలకు దూరంగా బయటకు రావాలని రూలట. ఆఫీసరు "బయటికి రావ్వా! జల్దీ!" అని అరిచాడు. ఆమె కదల్లేదు. దీపం చుట్టూ రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంది.

ముందు గిన్నెలోని నీళ్లు వణికాయి. శబ్దం తర్వాత వచ్చింది. తలుపుల్లేని ఇళ్లన్నీ ఒక్కసారిగా మూలిగాయి. నీలం తలుపు దానంతటదే సగం మూసుకుంది. పిండి మీద ఇంకో గీత పడింది. గీతలు అట్లా పడ్డాయన్నమాట.

ఆ మూసుకుంటున్న తలుపును చూసి నాకేమైందో చెప్పలేను. చెప్పులు విడిచి గడప దాటాను. మోకాలి నొప్పి గుర్తుకు రాలేదు. ఆమెకు కాస్త ఎడంగా గోడకు ఆనుకుని కూర్చుని, బయటికి వినబడేలా అన్నాను: "బాబూ, నేను లోపలున్న. నా మనవలు కరీంనగర్‌లో ఉన్నరు. వాళ్లకేమైనా అయితే ఈ ఇంటిది కాదు తప్పు, నాది. వచ్చి చూడు. పొయ్యి వెచ్చగనే ఉన్నది."

దుమ్ము తగ్గేదాకా అతను రోడ్డు మీదే ఉన్నాడు. తర్వాత బూట్లు విప్పే చప్పుడు వినబడింది. గడప మీద ఒక్క క్షణం ఆగి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, లోపలికి వచ్చాడు. బియ్యం డబ్బా మూత తీసి చూశాడు. దండెం మీది చీరలు చూశాడు. 'ఉంటున్నారు' గడిలో టిక్కు పెట్టాడు. నేను చూశాను. కనకవ్వ కూడా చూసింది. అప్పుడు మొదటిసారి ఏడ్చింది, గట్టిగా, అత్త పేరు పెట్టి.

కంప

జీపు వెనక్కి తిప్పుతూ ఆఫీసరు నన్నూ ఎక్కమన్నాడు. కాగితం పైకి పోవాలట, ఎన్నాళ్లు పడుతుందో తనకు తెలియదట. మధ్యలో ఇంకొకరు వచ్చి చూడొచ్చట కూడా.

సంచీ తీసుకుని వెనక్కి చూస్తే కనకవ్వ పెరట్లోంచి తుమ్మ కంప ఈడ్చుకొస్తోంది.

"అదెందుకమ్మా?" అన్నాను.

"కర్మలు కాంగనే ఇడువాలె గదా సారూ. అయ్యగారు చెప్పిండు. కంప కొట్టకపోతే అత్తకు మంచిది కాదు."

"మరి నువ్వెక్కడికి పోతవు?"

"నేనేడికి పోత? తాళమేసి పోతే మల్ల గదే రాస్తరు." కంపను గోడకు ఆనించి చేతులు దులుపుకుంది. "పదో దినం కాంగనే నేను లోపటికి పోయి, లోపట్నించే అడ్డం పెట్టుకుంట. కంప ఉన్నట్టు అత్తకు తెలుస్తది. నేనున్నట్టు మీకు తెలుస్తది. వెనక నుంచి నీళ్లకు పోయొస్త. ఫికర్ చెయ్యకుండ్రి."

చచ్చినవాళ్లకూ ఆఫీసుకూ ఒకేసారి లెక్క సరిపెట్టడానికి ఆమెకు ఇంతకన్నా దారి లేదు. జీపు కల్వర్టు దాటుతుంటే తిరిగి చూశాను. తలుపుల్లేని ఇళ్ల మధ్య ఆ నీలం తలుపు ఇంకా తెరిచే ఉంది.

తిరిగొచ్చాక

మా ఇంట్లో అందరూ బాగున్నారు. మనవడికి రెండ్రోజులు జలుబు చేస్తే నేను మాత్రం పరేషాన్ అయ్యాను. మా ఆవిడ నవ్వింది.

ఇది రాసేనాటికి కనకవ్వ కాగితం ఏ బల్ల మీద ఉందో తెలియదు. పదో రోజు దాటింది. తలుపుకు కంప ఉందట, లోపలి వైపు. కరెంటు తీసేశారు. కాలనీలో ఎవరింట్లోనో ఫోను చార్జింగు పెట్టుకుంటోంది. చెడు నక్షత్రపు ఇంటి మనిషని గడప దాటనివ్వరు, కిటికీలోంచి అందుకుంటారట.

పదకొండేళ్ల కింద ఒక్కసారి అడగాల్సిన మాటను ఇప్పుడు రోజూ అడుగుతున్నాను. మధ్యాహ్నం రెండు దాటాక, పేలుడు అయిపోయిందనుకున్నాక, ఫోను చేస్తాను. ఒక్కోసారి వెంటనే ఎత్తదు. అలా మోగుతున్నంతసేపూ నేను కుర్చీలోంచి లేచి నిలబడతాను.

"ఉన్నవా కనకవ్వా?"

"ఉన్న సారూ," అంటుంది.